గర్భస్థ శిశు పరీక్షల సమ్మతి: భాషాపరమైన పరిశీలన

1. ఉపోద్ఘాతం:
గర్భస్థ శిశువులో జన్యుదోషాన్ని నిర్ధారించేందుకు సూదితో నమూనా తీసే పరీక్షలు ప్రధానంగా రెండు. సాధారణంగా 11-13 వారాల మధ్య మాయ నుండి కణజాలాన్ని, 15 వారాలు దాటాక ఉమ్మనీటిని సేకరిస్తారు. పాఠ్యపుస్తకాల్లోని జరాయువు, ఉల్బద్రవం కన్నా మాయ, ఉమ్మనీరు అనే మాటలే వరంగల్ ప్రాంత గర్భిణికి సుపరిచితాలు.

2. చట్టంలో భాష:
గర్భస్థ పిండ పరీక్షలను నియంత్రించే 1994 నాటి చట్టం 5వ సెక్షన్ ప్రకారం పరీక్ష దుష్ఫలితాలను గర్భిణికి వివరించాలి. ఆమెకు అర్థమయ్యే భాషలో లిఖితపూర్వక సమ్మతి తీసుకొని, దాని ప్రతిని ఆమెకే ఇవ్వాలి. ఈ సమ్మతి భర్తదో అత్తగారిదో కాదు, గర్భిణిదే.

3. అర్థభేదం:
స్క్రీనింగ్ నివేదికలోని '250లో 1' సంభావ్యత మాత్రమే. అటువంటి 250 గర్భాల్లో 249 గర్భాలకు ఆ దోషం ఉండదని దాని భావం. 'హై రిస్క్' అని మాత్రమే చెబితే 'దోషం ఉంది' అన్న అర్థం స్ఫురిస్తుంది. నిపుణులు చేసినప్పుడు సూది పరీక్ష వల్ల గర్భస్రావమయ్యే అవకాశం 200లో 1 కంటే తక్కువ. ఈ రెండింటినీ ఒకే హారంతో, అంటే 1000లో 4 అని, 1000లో 5 లోపు అని చెప్పినప్పుడే పోలిక సాధ్యం. అంకెలు దగ్గరగా ఉన్నా నష్టాలు ఒకటి కావు. ఒకటి గర్భాన్ని కోల్పోవడం, మరొకటి దోషం సంగతి ప్రసవం వరకు తెలియకపోవడం. ఏది భరించగలదో తేల్చుకోవలసింది ఆమే.

4. ముగింపు:
ఫలితం ఏదైనా గర్భాన్ని నిలుపుకోదలచిన స్త్రీ పరీక్షను నిరాకరించవచ్చు. ముందే సిద్ధపడేందుకు చేయించుకోనూవచ్చు. కాబట్టి 'వద్దు' అనే మాటకూ చోటిచ్చే వివరణే నిజమైన సమ్మతికి ఆధారం.