డాక్టరమ్మ లోన్ ఖాతా

ఏజెన్సీకి డాక్టర్లు ఎందుకు రారని ఆదిలాబాద్‌లో ఎవరిని అడిగినా రోడ్లు అంటారు, క్వార్టర్లు అంటారు, పిల్లల చదువులు అంటారు. అన్నీ నిజమే. ఉట్నూరు, ఆసిఫాబాద్, మంచిర్యాల బ్యాంకు బ్రాంచీల్లో ఎడ్యుకేషన్ లోన్ల ఫైళ్లు చూసి రిటైరైనవాణ్ణి కాబట్టి నేను ఆ జాబితాకు ఇంకొకటి కలుపుతాను: ఈఎంఐ.

లెక్క వేసి చూద్దాం. మన రాష్ట్రంలో ప్రైవేటు మెడికల్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటుకు ఏడాదికి 60 వేలు ఫీజు. అదే కాలేజీలో, అదే క్లాసులో, పక్క బెంచీలో కూర్చునే బీ కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా విద్యార్థికి పదకొండున్నర లక్షల పైమాటే. ఐదేళ్లకు యాభై ఏడు లక్షలు దాటుతుంది. హాస్టలు, పుస్తకాలు వేరే. కొంత భూమి అమ్మి, మిగతా నలభై లక్షలు బ్యాంకులో తెచ్చారనుకోండి. ఏటా ఎనిమిది లక్షల చొప్పున కాలేజీకి పోతుంది. చదువు ఐదున్నరేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది మారటోరియం, అంటే కిస్తీ అడగని గడువు. కిస్తీ అడగరు గానీ మిత్తి నడుస్తూనే ఉంటుంది. పది శాతం సాధారణ వడ్డీ వేసినా, మొదటి కిస్తీ కట్టే రోజుకు నలభై లక్షలు యాభై ఎనిమిది లక్షలవుతాయి. పదిహేనేళ్లలో తీర్చాలంటే నెలకు 62,300 రూపాయలు.

ఇప్పుడు జీతం చూడండి. తెలంగాణలో ప్రభుత్వ డాక్టరు, అంటే సివిల్ అసిస్టెంట్ సర్జన్, మొదటి బేసిక్ పే 58,850. డీఏ, అలవెన్సులు కలిస్తే చేతికి ఇంకొంత వస్తుంది. పల్లె దవాఖానాల్లో కాంట్రాక్టు మీద చేరిన ఎంబీబీఎస్‌కు నెలకు ఇచ్చింది 40 వేలు. ఈ జీతంతో ఆ కిస్తీ ఎట్లా కడతారు?

ఉట్నూరులో ఉన్నప్పుడు ఒక డాక్టరమ్మ మా బ్రాంచికి వచ్చేది. కరీంనగర్ దిక్కు పిల్ల. ఏజెన్సీలోని ఒక పీహెచ్‌సీలో కాంట్రాక్టు మీద చేసేది. జ్వరాల సీజన్ కావడంతో, ఓపీ ముగించుకుని మేం క్యాష్ కౌంటర్ మూసే వేళకు చేరుకునేది. ఒకరోజు పాస్‌బుక్ నా టేబుల్ మీద పెట్టి అడిగింది.

"సార్, నేను ఏజెన్సీల చేస్తున్న కదా. దానికి మిత్తిల ఏమన్న తగ్గిస్తరా?"

"అట్లాంటిది లేదమ్మా."

"ఇక్కడికి ఎవ్వరు రారంటరు. వచ్చినోళ్లకు గింతన్న ఉండాలె కదా సార్?"

ఆమె అడిగిందని సర్క్యులర్లన్నీ మళ్లీ తిరగేశాను. ఆడపిల్లలకు అర శాతం తగ్గింపు ఉంది. మారటోరియంలోనే మిత్తి కడుతూ వస్తే ఒక శాతం తగ్గింపు ఉంది. తండ్రి ఆదాయం రాసే కాలం ఉంది, కాలేజీ పేరు రాసే కాలం ఉంది, జమానతు పడినవారి ఆస్తి రాసే కాలం ఉంది. చదువు పూర్తయినవాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారో రాసే కాలం మాత్రం ఏ ఫారంలోనూ లేదు. గడువు పెంచితే కిస్తీ తగ్గుతుందని చెప్పాను. "అప్పుడు మిత్తి ఎక్కువైతది కదా సార్" అంది. లెక్క తెలిసిన పిల్ల.

తర్వాత ఆమె కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేరింది. రాత్రి డ్యూటీ, పగలు నీట్ పీజీ చదువు. ఊరు మారినందుకు ఆమెను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు. కిస్తీ తప్పితే ఫోన్లు చేసి గుర్తుచేసేది మేమే, ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అయితే తండ్రి గుమ్మం తొక్కేదీ మేమే.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 2009 నుంచి కేంద్రం వడ్డీ రాయితీ ఇస్తోంది. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపుంటే మారటోరియం కాలం మిత్తిని తానే కడుతుంది. 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి వచ్చింది. ఆదాయం ఎనిమిది లక్షల లోపున్న కుటుంబాలకు పది లక్షల దాకా లోను మీద మూడు శాతం రాయితీ. అయితే అదీ మారటోరియం వరకే, అదీ ఎంపిక చేసిన పెద్ద విద్యాసంస్థల విద్యార్థులకే. ఆదాయ పన్ను లెక్కలో, కట్టిన వడ్డీని ఎనిమిదేళ్ల పాటు ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు, కొత్త పన్ను విధానంలో అదీ లేదు. వీటన్నిటిలో ఒకటి గమనించండి. చదువుకునేటప్పుడు ఎవరి బిడ్డ, ఏ కాలేజీ అన్నదే చూస్తారు. చదివాక హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్‌లో కూర్చున్నా, మా ఏజెన్సీలోని గాదిగూడలో కూర్చున్నా లోన్ ఖాతాకు ఒకటే.

అమెరికా దీన్ని వేరేగా చూసింది. డాక్టర్లు దొరకని ప్రాంతాల కోసం 1970లో నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ పెట్టింది. 1987 నుంచి చదువు అప్పులు తీర్చే పథకం కలిపింది. డాక్టర్ల కొరత ఉందని గుర్తించిన చోట రెండేళ్లు పూర్తికాలం పనిచేస్తానని సంతకం పెడితే, ప్రభుత్వం 50 వేల డాలర్ల దాకా అప్పు కడుతుంది. ఈ మధ్య ప్రాథమిక వైద్యం చేసేవారికి 75 వేల దాకా పెంచారు. అప్పు మిగిలి ఉంటే, ఇంకా ఉంటానంటే, ఏడాదికేడాది పొడిగించుకోవచ్చు. మధ్యలో వదిలేసి పోతే మాత్రం చేయని సర్వీసు తాలూకు సొమ్ము తిరిగి కట్టడమే కాదు, చేయని ప్రతి నెలకు ఇంకో ఏడున్నర వేల డాలర్లు జరిమానా, పైన వడ్డీ. వాళ్ల రికవరీ ముందు మాది చాలా మెత్తన. నర్సులకు వేరే పథకం ఉంది: రెండేళ్ల సర్వీసుకు చదువు అప్పులో 60 శాతం, మూడో ఏడూ ఉంటే మరో 25 శాతం తీరుస్తారు.

ఆ దేశపు మారుమూలల్లో మనవాళ్లూ ఉన్నారు. వరంగల్ కాకతీయలోనో, హైదరాబాద్ ఉస్మానియాలోనో చదివి జే-1 వీసా మీద అక్కడ పీజీ చేసినవాళ్లు, చదువు కాగానే స్వదేశానికి తిరిగి వచ్చి రెండేళ్లు ఉండాలన్నది నియమం. డాక్టర్లు లేని చోట మూడేళ్లు చేస్తే ఆ నియమం మాఫీ. 1994లో మొదలైన ఈ పథకాన్ని సెనేటర్ కాన్రాడ్ పేరుతో పిలుస్తారు. మన ప్రభుత్వ కాలేజీలో పదివేల ఫీజుతో చదివిన డాక్టరును వాళ్లు తమ ఏజెన్సీకి రప్పించుకోగలిగారు. మనం ఉట్నూరుకు రప్పించుకోలేకపోయాం.

జపాన్‌ది ఇంకో దారి. 1972లో జిచి మెడికల్ యూనివర్సిటీ అని పెట్టారు. ప్రతి రాష్ట్రం నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలను తీసుకుంటారు, ఫీజు అప్పుగా ఇస్తారు, చదివినకాలానికి ఒకటిన్నర రెట్లు, అంటే సాధారణంగా తొమ్మిదేళ్లు సొంత రాష్ట్రంలో చెప్పిన చోట చేస్తే అప్పు మాఫీ. మన దగ్గరే వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఎప్పటినుంచో నామమాత్రపు ఫీజుతో చదివిస్తోంది. ఏ మిషన్ సంస్థ సిఫార్సు మీద సీటు వచ్చిందో, చదువయ్యాక ఆ సంస్థ ఆసుపత్రిలో రెండేళ్లు చేయాలి.

మనం ఎక్కువగా నమ్ముకున్నది బాండును, బలవంతాన్ని. ఏడాది తప్పనిసరి గ్రామీణ సర్వీసు అన్నందుకు 2014లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు వారాల తరబడి సమ్మె చేశారు. ఆసుపత్రుల్లో రోగులు ఇబ్బంది పడ్డారు, ప్రభుత్వమూ డాక్టర్లూ ఒకరినొకరు తిట్టుకున్నారు. బాండుకు కట్టుబడి వచ్చినవారు క్యాలెండర్ చూసుకుంటూ ఉంటారు. అప్పు తీరుతుందని వచ్చినవారు పాస్‌బుక్ చూసుకుంటూ ఉంటారు. నేను రెండోవాళ్లనే ఎంచుకుంటాను.

ఒక్క చోట మాత్రం మన ప్రభుత్వం ఏజెన్సీ సేవకు విలువ కట్టింది. డాక్టర్ల నియామకాల్లో వంద పాయింట్లలో ఇరవై కాంట్రాక్టు సర్వీసుకు పెట్టారు. మామూలు ప్రాంతంలో ఆరు నెలలకు రెండు పాయింట్లయితే, గిరిజన ప్రాంతంలో రెండున్నర. మంచి పనే. కానీ దానితో వచ్చేది ఉద్యోగం. ఉద్యోగం వచ్చాక ఏజెన్సీలో ఉండడానికి ఆ అర పాయింటు పనికిరాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ వచ్చింది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, 2023లో నిర్మల్, ఆసిఫాబాద్, కరీంనగర్, సిరిసిల్ల ప్రభుత్వ కాలేజీలు తెరిచారు. వీటిలో చదివే పిల్లలకు ఫీజు అప్పే ఉండదు. మరి అప్పు చేసి సీటు కొనుక్కున్నవాళ్లకే సాయమా? మా గోండు, కొలాం పిల్లలు కష్టపడి ఫ్రీ సీటు తెచ్చుకుంటే వాళ్లకేమీ లేదా? నా జవాబు: వాళ్లకు అప్పు సాయం కాదు, పీజీ సీటు కావాలి, క్వార్టరు కావాలి, సొంత మండలంలో పోస్టింగు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పల్లె నుంచి వచ్చిన విద్యార్థే పల్లెలో నిలుస్తాడని 2010లో ఒకసారి, 2021లో మరోసారి చెప్పింది. రెండూ చేయాలి. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టడానికి నా మాట వాడుకోవద్దు.

అసలు నన్నడిగితే మొదలుపెట్టాల్సింది డాక్టర్లతో కాదు, నర్సులతో. వాగు పొంగి అంబులెన్సు అవతలి ఒడ్డునే ఆగిపోయినప్పుడు, ఎడ్లబండి మీద వచ్చిన గర్భిణికి కాన్పు చేసేది సిస్టరే. వాళ్లలోనూ చాలామంది ప్రైవేటు కాలేజీల్లో లోను మీద బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు. ఏటా లక్ష చొప్పున నాలుగు లక్షలు తీసుకున్న అమ్మాయికి కిస్తీలు మొదలయ్యే నాటికి ఐదు లక్షల 40 వేలవుతుంది. పదేళ్లకు పెడితే నెలకు 7,136 రూపాయలు. పల్లె దవాఖానాలో నర్సుకు జీతం 29,900గా పెట్టారు. అందులో నాలుగో వంతు కిస్తీకే పోతే, ఇంటికి పంపేదెంత, తాను తినేదెంత?

పథకం కష్టమైనదేమీ కాదు. లోన్ ఖాతా బ్యాంకులో ఉంది, హాజరు రికార్డు ఆరోగ్య శాఖ దగ్గర ఉంది. ఏజెన్సీలో పనిచేసిన నెలకు ఆ నెల కిస్తీ నేరుగా లోన్ ఖాతాకే వెయ్యాలి, చేతికివ్వొద్దు. చేతికిస్తే అది జీతంలో కలిసిపోతుంది, ఖాతాకు వేస్తే అప్పు తగ్గడం కళ్లకు కనిపిస్తుంది. బదిలీ అయిన నెల నుంచి ఆపెయ్యాలి. బాండు అక్కర్లేదు, కోర్టు కేసు అక్కర్లేదు, సంతకం పెట్టించుకుని సర్టిఫికెట్లు దాచిపెట్టుకోవడం అసలే అక్కర్లేదు.

ఉమ్మడి ఆదిలాబాద్ నాలుగు జిల్లాల కలెక్టర్లకు, ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు నా విన్నపం ఇదే: పెద్ద పథకం వచ్చేదాకా ఆగకుండా, ముందు వంద మంది ఏజెన్సీ నర్సుల లోన్ ఖాతాలు తీసుకోండి. నేను పైన చెప్పిన కిస్తీ లెక్కన ఏడాదికయ్యే ఖర్చు 86 లక్షలు.