పరాభవ నామ సంవత్సరం: పేరుకు భయపడవలెనా?

ఈ సారి ఉగాది 2026 మార్చి 19, గురువారం నాడు వస్తున్నది. రాబోయేది పరాభవ నామ సంవత్సరం. గత కార్తికమాసం నుంచి నన్ను కలిసిన భక్తులలో చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "పేరు అట్లా ఉన్నది గదా, ఈ ఏడు శుభకార్యం తలపెట్టవచ్చునా?" కంకిపాడు వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు, ఇల్లు పూర్తయినా గృహప్రవేశం ఆపి మరుసటి సంవత్సరమైన ప్లవంగలో చేసుకొందామా అని సలహా కోరారు. మరొక పెద్దమనిషి అన్నదానానికి ఇవ్వదలచిన సొమ్మును కూడా వచ్చే ఉగాదికి వాయిదా వేసినారట. గృహప్రవేశం మాట ఎట్లున్నా, అన్నం పెట్టడానికి కూడా సంవత్సరం పేరు చూడడం నాకు కష్టం కలిగించింది. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. 'పరా' అనే ఉపసర్గతో కూడిన 'భూ' ధాతువు నుంచి పుట్టిన మాట ఇది. ఓటమి, తిరస్కారం, అవమానం అని అర్థం. "పరాభవం శత్రువులకు, మనకు కాదు" అని కొందరు తీపిగా చెబుతున్నారు. వినడానికి బాగుంటుంది గాని ఆ అర్థం పేరులో లేదు. వేపపువ్వు చేదు కాదని నమ్మించి ఉగాది పచ్చడి ఎవరికీ తినిపించము గదా.

ప్రభవ మొదలు అక్షయ వరకు గల అరవై పేర్లలో పరాభవ నలుబదవది. బృహస్పతి రాశిచక్రాన్ని ఒకసారి చుట్టి రావడానికి సుమారు పన్నెండేండ్లు పడుతుంది. కృష్ణా పుష్కరాలు 2004లోను, 2016లోను వచ్చినది ఆ లెక్క మీదనే. అటువంటి చుట్లు అయిదు పూర్తయితే అరవై. షష్టిపూర్తి నాడు మనిషి పుట్టిన సంవత్సరం పేరే మళ్లీ వస్తుంది. ఇంకొక విశేషం కలదు. నర్మదకు ఉత్తరాన పంచాంగకర్తలు ఈ పేర్లను బృహస్పతి గతిని బట్టి లెక్కిస్తారు. దక్షిణాన మనం వరుస తప్పకుండా ఏటికి ఒక పేరు చొప్పున చెప్పుకొంటాము. అందువలన ఈ ఏడు మన ఊరి నుంచి కాశీకి వెళ్లిన యాత్రికుడు, అక్కడి పురోహితుడు తన సంకల్పంలో వేరే పేరు చెప్పడం వింటాడు. రైలు ఎక్కి దిగినంతలో ఆయన జాతకం మారిపోయిందా?

పేరు వేరు, జరిగినది వేరు అనడానికి మన కృష్ణాతీరమే సాక్ష్యం. నందన అంటే ఆనందం కలిగించేది. 1832లో ఉగాదితో వచ్చినది నందన నామ సంవత్సరం. ఆ ఏడే గుంటూరు సీమను ఘోరమైన క్షామం పట్టింది. అయిదు లక్షల జనంలో సుమారు లక్షన్నర మంది నశించారని అంచనా. పెద్దలు దానిని నేటికీ 'నందన కరువు' అంటారు. కృష్ణలో నీరు లేక కాదు; ఉన్న నీరు పొలానికి ఎక్కే దారి లేదు. ఆ దారి చూపినది బెజవాడలో, ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ కట్టిన ఆనకట్ట. 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. ఆ 1855లో ఉగాదితో ప్రవేశించిన సంవత్సరం పేరేమిటో తెలుసునా? రాక్షస. లెక్క కట్టి చూసుకోండి, పరాభవ తరువాత తొమ్మిదవది. డెల్టాలో ఇన్ని తరాలు అన్నం తిన్నది, దేవాలయాలలో ఇన్ని నైవేద్యాలు జరిగినది ఆ రాక్షస నాటి ఆనకట్ట చలవ వలననే. అది దాదాపు నూరేండ్లు నిలిచి 1952లో గండిపడింది. ఆ ఏటి ఉగాది తెచ్చినది మళ్లీ నందననే! అప్పుడు మనవారు పేరును తిట్టుకొంటూ కూర్చోలేదు. నేటి ప్రకాశం బ్యారేజి 1957 నాటికి లేచింది.

శాస్త్రం ఏమంటుందని అడుగుతారు. వరాహమిహిరుని బృహత్సంహితలో అరవై సంవత్సరాలకూ ఫలాలు చెప్పబడినవి. పరాభవకు చెప్పినది శుభఫలం కాదు, దాచనక్కరలేదు. అయితే ఆ ఫలాలు దేశానికి, పాలకులకు, పంటలకు సంబంధించినవి. ముందుజాగ్రత్త కోసం చెప్పినవి. గృహస్థు ముహూర్తానికి తిథి, వారం, నక్షత్రం, లగ్నం చూస్తారు. గురుశుక్ర మౌఢ్యాలను, శూన్యమాసాలను, అధికమాసాన్ని విడుస్తారు. సంవత్సరం పేరు చెడ్డది గనుక పెండ్లి ఆపమన్న మాట నేను చదివిన ముహూర్తగ్రంథాలలో ఎక్కడా లేదు. కంకిపాడు దంపతులకు అదే చెప్పాను.

అసలు సమాధానం మీరు రోజూ వినే సంకల్పంలోనే ఉన్నది. పురోహితుడు చెప్పిస్తుంటే మనం అక్షతలు పట్టుకొని గబగబా అనేస్తాము గనుక గమనించము. దేశం చెబుతాము: శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య ఉన్నామో. విజయవాడవారు కృష్ణా గోదావరుల మధ్య అంటారు. వారధి దాటి తెనాలి వెళ్లితే కృష్ణా కావేరుల మధ్య అంటారు. తరువాత కాలం చెబుతాము: సంవత్సరే, అయనే, ఋతౌ, మాసే, పక్షే, తిథౌ. ఈ మాటలన్నీ సప్తమీ విభక్తిలో ఉన్నవి. సప్తమి అధికరణానికి, అనగా పని జరిగే చోటుకు వస్తుంది. 'అరుగు మీద కూర్చున్నాను' అంటే కూర్చున్నది నేను, అరుగు కాదు. పరాభవ సంవత్సరం కూడా అట్టి అరుగే. చివర వచ్చే క్రియ 'కరిష్యే'. చేయగలను అని భవిష్యత్తు. ఉత్తమపురుష, కనుక కర్త 'నేను'. అందులోను ఆత్మనేపదం. క్రియాఫలం చేసేవానికే చెందునప్పుడు ఆ రూపం వాడుతారు. పురోహితుడు మీ కోసం చేస్తే 'కరిష్యామి' అనవలెను. మీ కోసం మీరు చేస్తే 'కరిష్యే'. మా గురువుగారు ఈ కారకవిషయం నాకు బోధించినది 1966లో, నిన్నటి పరాభవ సంవత్సరంలోనే! ఆ పాఠమే నాకు జీవితాంతం అన్నం పెట్టింది.

కనుక ఉగాది నాడు పంచాంగశ్రవణానికి వచ్చేవారికి నా మనవి. తిథి వలన సంపద, వారం వలన ఆయుష్షు, నక్షత్రం వలన పాపక్షయం, యోగం వలన ఆరోగ్యం, కరణం వలన కార్యసిద్ధి అని పెద్దలు చెప్పిన ఫలశ్రుతిని శ్రద్ధగా వినండి. పాడ్యమి గురువారం గనుక ఈ ఏటికి రాజు గురువు. ఏప్రిల్ 14న మేషసంక్రమణం మంగళవారం గనుక మంత్రి కుజుడు. ఇవి విన్నాక చాలామంది తమ రాశి ఆదాయవ్యయాలు వ్రాసుకొని లేచిపోతారు. (వ్యయం ఎక్కువ వచ్చినవారి ముఖం నేను వేదిక మీద నుంచే గుర్తుపట్టగలను.) లేవబోయే ముందు 'కరిష్యే' అనడానికి ఒక పని పెట్టుకోండి. పది వద్దు, ఒకటి చాలు. అది మీ చేతితో చేయదగినదై ఉండవలెను, ఫాల్గుణం నాటికి అయినదీ కానిదీ తెలియవలెను. 'మంచిగా ఉంటాను' అన్నది సంకల్పం కాదు. 'ప్రతి ఏకాదశికి అమ్మను చూడడానికి మచిలీపట్నం వెళ్తాను' అన్నది సంకల్పం.

ఈ సంవత్సరంలో అటువంటి పనికి వెసులుబాటు కూడా ఎక్కువే. చాంద్రమాన సంవత్సరం 354 దినాలు, సౌరమానం 365. ఆ పదకొండు దినాల ఎడం పెరిగి పెరిగి ఒక నెల అయినప్పుడు అధికమాసం వస్తుంది. మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. పరాభవకు పదమూడు నెలలు! పెండ్లిండ్లు ఉండవు. డెల్టాలో ఖరీఫ్ నాట్లు ఇంకా మొదలు కావు. జపానికి, దానానికి, చాలాకాలంగా వాయిదా పడిన పనికి ఆ నెల అనుకూలం. అన్నదానం వాయిదా వేసిన పెద్దమనిషికి ఈ నెలను ప్రత్యేకంగా గుర్తుచేస్తున్నాను.

వ్రాసి పెట్టుకొనే పద్ధతి మా తండ్రిగారిది. ఉగాది నాడు పంచాంగం అట్ట లోపల ఒక్క వాక్యం వ్రాసేవారు. 1966 నాటి పరాభవ పంచాంగం నా దగ్గర ఇంకా ఉన్నది, అంచులు చెదలు తిన్నవి. "మంచినీళ్ల చెరువు పడమటి రేవుకు మెట్లు" అని నల్ల సిరాతో ఉన్నది. దాని క్రింద ఫాల్గుణ అమావాస్య నాడు వ్రాసినది: "ఏడు మెట్లు అయినవి. మిగిలినవి ప్లవంగలో."