కలిసి ఆడితే కుదుటపడే మనసు

సామూహిక కళా కార్యక్రమాల్లో స్వచ్ఛంద సేవ అంటే, ఒక ఊళ్లోనో పేటలోనో జనం క్రమం తప్పకుండా కూడి పాడుకునే, ఆడుకునే, బొమ్మలు గీసుకునే ఏర్పాటు ఆగిపోకుండా చూసుకునే పని. అక్కడికి వచ్చేవాళ్లు కళాకారులు కానక్కర్లేదు, సేవ చేసేవాళ్లు వైద్యులు కానక్కర్లేదు. దిగులు, ఒంటరితనం, భయం ముదరకముందే మనిషిని నలుగురి మధ్యకు తీసుకురావడం దాని ఉద్దేశం. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వంటి కరువు ప్రాంతంలో ఇందుకు కొత్తగా కళను దిగుమతి చేసుకోవాల్సిన అవసరం లేదు. చెక్కభజన, కోలాటం, ఉరుములు, గొరవయ్యల ఆట, తోలుబొమ్మలాట తరతరాలుగా ఇక్కడివే. కొరవడుతున్నది వాటిని వారం వారం నడిపించే తీరిక, ఓపిక. స్వచ్ఛంద కార్యకర్త ఇవ్వగలిగింది ఆ రెండే.

అనంతపురానికి పడమరగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంది కళ్యాణదుర్గం. కుందుర్పి, శెట్టూరు, కంబదూరు, బ్రహ్మసముద్రం మండలాలకు ఇదే సంత, ఇదే ఆసుపత్రి, ఇదే బస్టాండు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనం తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి చిక్కిపోతుంది. అందుకే జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. పలుచని ఎర్రనేలలో వానను నమ్ముకుని వేసిన వేరుశనగ ఊడలు దిగే వేళకు చినుకు లేకపోతే పెట్టుబడి మొత్తం పోయినట్టే. బోరు వేస్తే నీళ్లు పడతాయన్న భరోసా లేదు, పడినా ఎన్నాళ్లుంటాయో తెలియదు. పంట పోయిన ఏడాది వయసులో ఉన్నవాళ్లు బెంగళూరు కట్టడాల పనికి, సుగ్గికి (దూర ప్రాంతాల్లో పొలం పనుల వలసకు) వెళ్లిపోతారు. ఊళ్లో ముసలివాళ్లు, బడి పిల్లలు మిగులుతారు.

ఈ పరిస్థితిలో మనసుకు తగిలే దెబ్బ బయటికి కనపడదు. నిద్ర పట్టడం లేదనో, గుండె దడగా ఉందనో, కడుపులో మంటనో, ఒళ్లంతా గుంజుతోందనో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తారు. సూది వేయించుకుని వస్తారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు, వారిలో ఎక్కువమందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్ లేదు. అయినా అప్పుల కాగితాలు పేరుకుపోయిన ఇళ్లు, సంపాదించే మనిషిని పోగొట్టుకున్న ఆడవాళ్లు ఉన్న ఈ జిల్లాలో అవసరం అంతకన్నా తక్కువ ఉంటుందని అనుకోవడానికి కారణం లేదు.

సాధనలోనే ఉంది బలం

ఇలాంటి మనసుకు కలిసి ఆడటం ఎలా మేలు చేస్తుందో చెక్కభజన నేర్పే తీరు చూస్తే అర్థమవుతుంది. ఊరివాళ్లు కూడి ఒక గురువును పిలిపిస్తారు. ఆయన తిండి, బస ఊరే చూసుకుంటుంది. రాత్రి బువ్వలు తిన్నాక రచ్చకట్ట ముందో, గుడి ఎదుటి బయల్లోనో జట్టు నిలబడుతుంది. మధ్యలో లోహపు బిళ్లలు మోగే చెక్కల జత చేతిలో, కాళ్లకు గజ్జెలు. గురువు పాట ఎత్తుకుంటాడు, జట్టు అందుకుంటుంది. మొదట అడుగు నెమ్మది. తర్వాత దరువు పెరుగుతుంది, వరుసలు ఎదురెదురుగా కదులుతాయి, దాటుకుంటాయి, గుండ్రంగా తిరుగుతాయి. ఒక్కరు అడుగు తప్పినా పక్కవాడి చెక్కకు చెక్క తగులుతుంది. అందుకే ఎవరూ తమ గోడులో తాము మునిగిపోయి ఆడలేరు. పక్కవాడిని చూడాలి, గురువు గొంతు వినాలి, ఊపిరిని పాటకు సరిపెట్టుకోవాలి. ఇలా నెలల తరబడి నేర్చుకున్నాక గజ్జెపూజ చేసి, ఊరందరి ముందు ఆడతారు.

చూసేవాళ్లకు గజ్జెపూజ నాటి ఆట గుర్తుంటుంది. ఆడేవాళ్లకు మేలు చేసింది మాత్రం అంతకు ముందు గడిచిన రాత్రులు. ఇవాళ రాని మనిషి కోసం అక్కడ ఎవరో ఒకరు అడుగుతారు. రెండు రోజులు వరుసగా రాకపోతే ఇంటికే వెళ్లి పిలుస్తారు. అప్పు గురించి ఎవరితోనూ చెప్పుకోని రైతును ఊళ్లో మరే వ్యవస్థా అంత క్రమంగా పలకరించదు.

పరిశోధనలు కూడా ఈ మాటే చెబుతున్నాయి. 2015లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఐలునెడ్ పియర్స్, రాబిన్ డన్‌బార్ బృందం వయోజన విద్యా తరగతులను ఏడు నెలలపాటు గమనించింది. కొన్ని తరగతులవాళ్లు పాడారు, మిగతావాళ్లు చేతిపనులో రచనో నేర్చుకున్నారు. కొత్తవాళ్ల మధ్య చనువు పాడిన బృందాల్లో తొందరగా కుదిరింది. ఏడు నెలలు గడిచేసరికి అన్ని బృందాల్లోనూ సాన్నిహిత్యం దాదాపు సమానమైంది. అంటే తొలి సంకోచాన్ని పాట త్వరగా తొలగిస్తుంది. ఆ తర్వాత నిలబెట్టేది మానకుండా కలుసుకోవడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కార్యాలయం 2019లో వెలువరించిన నివేదిక మూడు వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి, జబ్బును నివారించడంలో, ఆరోగ్యాన్ని పెంపొందించడంలో, చికిత్సకు తోడ్పడటంలో కళలకు పాత్ర ఉందని తేల్చింది. ఆ అధ్యయనాలన్నీ ఒకే నాణ్యత గలవి కావని కూడా అదే నివేదిక ఒప్పుకుంది.

ఈ ఆలోచనకు ఆధునిక వైద్యంలో ఎనభై ఏళ్లకు మించిన చరిత్ర ఉంది. క్షయతో శానటోరియంలో చేరిన ఆంగ్ల చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ తనకు ఊరటనిచ్చిన బొమ్మల పనిని తోటి రోగులకూ అలవాటు చేశాడు. 1942లో దానికి ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టింది ఆయనే. బ్రెజిల్ వైద్యురాలు నీజ్ ద సిల్వెయిరా విద్యుత్ షాకులు ఇవ్వడానికి నిరాకరించి, 1946లో రియో డి జెనీరో ఆసుపత్రిలో రోగుల కోసం చిత్రకళాశాల తెరిచింది. అక్కడ గీసిన బొమ్మలతో 1952లో ఒక మ్యూజియమే వెలిసింది.

బొమ్మ నోట చెప్పే మాట

కొన్ని బాధలను సొంత గొంతుతో చెప్పుకోవడం కష్టం. అలాంటి చోట తోలుబొమ్మలాట అక్కరకొస్తుంది. ధర్మవరం మండలం నిమ్మలకుంట ఈ కళకు పేరుపడ్డ ఊరు. 2022 నాటి జిల్లాల విభజనతో అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది. మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు సోకేలా పలుచన చేసి, రంగులద్ది, ఉలితో చిల్లులు వేసి బొమ్మ కడతారు. తెర వెనుక దీపం వెలిగితే ఆ చిల్లులే నగలవుతాయి. రామాయణ, భారత కథల మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూరి మొగుడూ పెళ్లాల తగాదాలు, తాగుడు, ఊరి పెద్దల గొప్పలు అన్నీ బయటపెడతారు. పురాణంలో లేని ఆ మాటలకే జనం ఎక్కువగా నవ్వుతారు. ఆడవాళ్ల పాత్రలకు ఆ కుటుంబాల ఆడవాళ్లే గొంతునిస్తారు.

బడి పిల్లల చేత అట్టముక్కలతో బొమ్మలు చేయించి, నీడల తెర కట్టించడం పెద్ద ఖర్చు లేని పని. అమ్మానాన్నలు వలస పోయి అవ్వాతాతల దగ్గర పెరుగుతున్న పిల్లవాడు తన దిగులును బంగారక్క నోట పలికించగలడు. అక్కడ కార్యకర్త పాటించి తీరవలసిన నియమం ఒకటుంది: బొమ్మ చెప్పిన మాట నీ ఇంటి సంగతేనా అని నలుగురిలో అడగకూడదు. అడిగితే ఆ పిల్లవాడు మరుసటి వారం నోరు విప్పడు.

కార్యకర్త చేతిలోని పని

ఈ సేవలోకి రావడానికి ఒక దారి జాతీయ సేవా పథకం. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. శిబిరాల్లో రోడ్లు ఊడ్చి, మొక్కలు నాటి వచ్చేయడం మామూలు. అవే గంటలను ఒకే ఊరి కళా బృందానికి ఇస్తే ఫలితం ఎక్కువ. విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ కూడా ఆ 1969 నుంచే జిల్లాలో పనిచేస్తోంది, కళ్యాణదుర్గంలో దానికి ఆసుపత్రి ఉంది. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీలు, పొదుపు సంఘాల లీడర్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఎవరింట్లో ఎవరు మూలన కూర్చున్నారో వాళ్లకు తెలిసినంత బాగా మరెవరికీ తెలియదు.

పని వేళ దగ్గరే మొదలవుతుంది. రాత్రి సాధన మగవాళ్లకు కుదురుతుంది గానీ ఆడవాళ్లకు కుదరదు. కూలికి వెళ్లివచ్చి, వంటా నీళ్లూ చూసుకునేవాళ్లకు పొద్దుగుంకే ముందు ఒక గంట దొరికితే గొప్ప. ఏ వేళ బాగుంటుందో వాళ్లనే అడిగి పెట్టుకోవాలి. ఇక ఎవరిని పిలవాలన్నది అసలు పరీక్ష. భజన జట్లు చాలా చోట్ల వాడల వారీగా, కులాల వారీగా విడిపోయి ఉంటాయి. దేవర (ఊరి దేవత జాతర) నాడు ఉరుములు వాయించేవాళ్లను పిలిచి, పూట గడవగానే దూరం పెట్టే ఊళ్లు ఉన్నాయి. మొగుడు పోయిన ఆడవాళ్లను కోలాటంలోకి రానివ్వని ఇళ్లు ఉన్నాయి. ఎవరికి ఆసరా ఎక్కువ అవసరమో వాళ్లే వలయం బయట ఉండిపోతే ఆ కార్యక్రమం పండగ వినోదమే అవుతుంది. దీన్ని ఉపన్యాసంతో మార్చలేరు. అందరూ నడిచే చోట, బడి ఆవరణలోనో పంచాయతీ కార్యాలయం ముందో సాధన పెట్టడం, మొదటి వరుసలో ఇద్దరు ముగ్గురు ఒంటరి ఆడవాళ్లను నిలబెట్టడం, ఉరుముల కళాకారుణ్ని గురువు స్థానంలో కూర్చోబెట్టడం చేయగలరు.

ఉచితంగా సేవ చేయాల్సింది కార్యకర్తే, కళాకారుడు కాదు. భజన గురువుకు, బొమ్మలాట కుటుంబానికి సంభావన ముందే మాట్లాడి ఇవ్వాలి. కళ మీద బతికేవాడిని సేవ పేరుతో పస్తు పెట్టడం అన్యాయం. ఫోన్లో ఫొటోలు, వీడియోలు తీసి పంచుకునే ముందు అందులో ఉన్నవాళ్ల సమ్మతి అడగాలి. సాధన మధ్యలో ఎవరైనా ఏడిస్తే ఆ దృశ్యం ఎక్కడికీ పోకూడదు.

వైద్యం మొదలయ్యే చోటు

చనిపోవాలని ఉందన్న మనిషిని, రోజుల తరబడి తిండీ నిద్రా మానిన మనిషిని, లేని గొంతులు వినిపిస్తున్నాయన్న మనిషిని భజనకు రమ్మని ఊరుకోకూడదు. డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, ఖర్చు ఉండదు. ప్రతి కార్యకర్త ఫోన్లో ఈ నంబరుతో పాటు దగ్గరి ప్రభుత్వాసుపత్రి నంబరు కూడా ఉండాలి.

ఊరి ఆరోగ్య సిబ్బంది చేత మానసిక వైద్యం అందించే విధానానికి దేశంలో దారి చూపింది కళ్యాణదుర్గానికి పొరుగునే ఉన్న బళ్లారి.  నిమ్హాన్స్ నిపుణులు 1980ల రెండో సగంలో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, సిబ్బందికి శిక్షణనిచ్చి నడిపిన నమూనాయే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంగా దేశానికి విస్తరించింది.

కళ, వైద్యం చేయి కలిపిన ఉదాహరణ పశ్చిమ గోదావరిలో ఉంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ స్మార్ట్ మెంటల్ హెల్త్ పేరుతో అక్కడి పల్లెల్లో ఆశా కార్యకర్తలకు, వైద్యులకు శిక్షణనిచ్చింది. మానసిక సమస్యల పట్ల ఉన్న చిన్నచూపును పోగొట్టడానికి పోస్టర్లు, ఇంటింటి ప్రచారం, సమస్యను అనుభవించిన వ్యక్తి తన కథ చెప్పే వీడియో, నాటకం వాడింది. ఏది మనసుకు పట్టిందని ఊరివాళ్లను అడిగినప్పుడు బాధితుల మాటలను, నాటకాన్ని ఎక్కువగా ప్రస్తావించారు. చెక్కభజన జట్లున్న కళ్యాణదుర్గం పల్లెలకు ఈ దారి ఇంకా సులువు.

తొలకరికి ముందే తిరిగివచ్చేవాళ్లు, సుగ్గికి వెళ్లేవాళ్లు ఉన్న చోట బృందం ఏడాది పొడవునా ఒకే తీరుగా సాగదు. జట్టు సగమైన నెలల్లో పిల్లలతో, ముసలివాళ్లతో నడిపి, అందరూ వచ్చాక మళ్లీ వరుసలు పూర్తి చేసుకోవాలి. విద్యార్థుల చదువులూ ముగుస్తాయి, కార్యకర్తలు మారిపోతారు. అందుకని చెక్కలూ డోలకూ ఎవరింట ఉండాలో, చందా లెక్క ఎవరు రాయాలో, గురువుకు కబురు ఎవరు పంపాలో, జబ్బు మనిషి వెంట ఆసుపత్రికి ఎవరు వెళ్లాలో మొదటి నెలలోనే జట్టు తేల్చుకోవాలి. ఈ నాలుగు పనులూ ఊరివాళ్లే చేసుకుంటున్నారని తేలాక కార్యకర్త పక్క ఊరి జట్టుకు మారవచ్చు.