చక్కెర మల్లెల ప్రయాణం

మా నాయనమ్మ 80వ పుట్టినరోజుకి మల్లెపందిరి కేకు చేస్తానని ఒప్పుకున్నాను. మూడు రాత్రులు కూర్చుని గమ్ పేస్టుతో 60 మల్లెలు చేశా. ముందురోజే వాటిని కేకుకి అతికించి ఫ్రిజ్‌లో పెట్టేశా. అదే నేను చేసిన తప్పు. తాంబరం నుంచి మైలాపూరు చేరేసరికి సగం పూలు మెత్తబడి జారిపోయాయి. "నిజం మల్లెలైనా సాయంత్రానికి ఇంతేగా" అంది నాయనమ్మ. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

చక్కెర గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పెళ్లిళ్లలో పంచే పంచదార చిలకలు వానాకాలంలో చేతికి జిగురుగా తగలడం మీకూ తెలిసిందే. ఫ్రిజ్‌లోంచి తీసిన కేకుకి మన చెన్నై గాలి తగలగానే చెమట పడుతుంది. పైగా కింద క్రీములో తడి ఎలాగూ ఉంది. ఇక పువ్వు నిలబడేదెలా?

అందుకే మొన్న బాబాయి కూతురి నిశ్చితార్థానికి పూలూ కేకూ విడివిడిగా తీసుకెళ్లా. రెండు రోజులు ఫ్యాను కింద ఆరిన పూలను, నలిపిన టిష్యూ కాగితం పరిచిన స్వీట్ల డబ్బాలో సర్దా. కేకు పెట్టె కారులో కాళ్ల దగ్గర, చదునుగా, కింద రబ్బరు చాపతో. ఒళ్లో పెట్టుకుంటే భద్రమనుకుంటాం కానీ ఒళ్లు వాలుగా ఉంటుంది, బ్రేకు వేస్తే అంతే. అక్కడికి వెళ్లాక కేకు చెమట ఆరేదాకా ఆగి, కరిగించిన వైట్ చాక్లెట్ చుక్కతో ఒక్కో పువ్వునీ అంటించి, గట్టిపడేదాకా పట్టుకున్నా. రాయల్ ఐసింగ్‌తో కూడా అంటించొచ్చు గానీ అందులో గుడ్డు తెల్లసొన వేస్తారు, మా ఇంట్లో కుదరదు. తీగ ఉన్న ఆకులైతే నేరుగా కేకులో గుచ్చకూడదు. ముందు స్ట్రా ముక్క దింపి అందులో నిలపాలి.

విరుగుతాయని 10 పూలు ఎక్కువే చేశా. రెండే విరిగాయి. మిగిలిన వాటిని పిల్లలు నోట్లో వేసుకున్నారు. నాయనమ్మ కూడా ఒకటి అడిగి తీసుకుంది.