వేణ్నీళ్లకు సూరీడు తోడు!

జనవరి. పొద్దున్నే ఆరున్నర. హన్మకొండ నయీంనగర్‌లోనో, కాజీపేటలోనో ఓ ఇల్లు. బాత్‌రూమ్ ముందు క్యూ. బడి బస్సు వెళ్లిపోతుందని అమ్మ కంగారు. ఆఫీసుకు ఆలస్యమవుతోందని నాన్న చిరాకు. 'జర ఉడుకునీళ్లు పొయ్యుండ్రి బిడ్డా, కీళ్లు పట్టేసినయ్' అంటూ మంచం మీంచి తాతయ్య. గోడ మీది గీజరు మాత్రం అందరికన్నా ముందే నిద్రలేచి ఎర్రదీపం వెలిగించుకుని కూర్చుంది. అది రాత్రి పదింటికీ అలాగే ఉంటుంది. స్విచ్ ఆపాల్సింది ఎవరో ఆ ఇంట్లో ఇంకా తేలలేదు మరి!

నెలాఖరున తేలుతుంది... మీటరు చూసే మనిషి వచ్చి బిల్లు చేతిలో పెట్టినప్పుడు.

తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకూ బిల్లు సున్నా. ఆ గీత దాటితే, దాటిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ కట్టాలి. 2022-23 ధరల పట్టిక ప్రకారం, 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్ 5 రూపాయల 10 పైసలు. ఆపైన 300 వరకూ 7 రూపాయల 70 పైసలు. మామూలుగా 155 యూనిట్లు వాడే ఇల్లు గీజరు పుణ్యమా అని 210కి చేరిందనుకోండి. సున్నా కాస్తా 1,097 రూపాయలవుతుంది. స్థిర చార్జీలూ సుంకమూ అదనం. పథకం వర్తించని ఇంటికీ ఈ గీత దగ్గర దెబ్బ తప్పదు. సరిగ్గా 200 యూనిట్లకు 820 రూపాయలైతే, 201కి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 200 రూపాయల పైమాటే!

'చలికాలంలో ఫ్యాన్లు ఆగిపోతాయి కదా, దానికీ దీనికీ సరి' అంటారు చాలామంది. కొంత నిజమే. పాత సీలింగ్ ఫ్యాను రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే కాలేది 0.6 యూనిట్. ఒక బకెట్ నీళ్లు కాచడానికి అయ్యేదీ ఇంచుమించు అంతే. ఫ్యాన్లు రెండు, స్నానాలు నాలుగైతే లెక్క ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు.

బకెట్ లెక్క

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయాలంటే సుమారు 1.16 వాట్ అవర్ల శక్తి కావాలి. దీన్ని ఇంటిభాషలోకి మార్చుకుందాం. ఇరవై లీటర్ల బకెట్. ట్యాంకులోంచి వచ్చే నీళ్లు తెల్లవారుజామున 20 డిగ్రీలు. ఒంటికి హాయిగా ఉండాలంటే 40 డిగ్రీలు. అంటే బకెట్‌కు అర యూనిట్‌కు కాస్త తక్కువ. నలుగురికి నాలుగు బకెట్లు, రోజుకు రెండు యూనిట్లలోపు. నెలకు 55 నుంచి 60.

ఇక్కడే ఓ తిరకాసుంది. ఈ లెక్క గీజరుకైనా, బకెట్‌లో వేసే హీటర్ రాడ్‌కైనా ఒకటే. ఈ రెంటిలో ఎంత ఖరీదైనది తెచ్చినా బకెట్‌కు అర యూనిట్ తప్పదు. విద్యుత్తు మొత్తం వేడిగా మారాల్సిందే కాబట్టి అందులో పెద్దగా పొదుపు చేసేదేం లేదు. మరి గీజరు మీద అతికించిన నక్షత్రాలెందుకు? 2002లో ఏర్పాటైన ఇంధన సామర్థ్య బ్యూరో ఇచ్చే ఆ స్టార్లు గీజరు ఎంత బాగా కాస్తుందో చెప్పవు. కాచిన వేడిని ఎంతసేపు నిలబెడుతుందో చెబుతాయి. ఫ్లాస్కు లాంటిదన్నమాట. వేడి లోపల నిలవని పాత పాతిక లీటర్ల గీజరును రోజంతా ఆన్‌లో ఉంచితే, ఎవరూ స్నానం చేయకపోయినా అర యూనిట్ పైనే గాల్లో కలుస్తుంది. ఎవరూ పోసుకోని బకెట్ అది!

కాబట్టి కొత్త గీజరు కొనేముందు మీ అలవాటు గమనించుకోండి. పొద్దున పావుగంట వేసి, అందరూ వరసగా స్నానాలు చేసి, ఆపేసే ఇల్లయితే మూడు స్టార్లకూ అయిదు స్టార్లకూ తేడా కొంచెమే. పొద్దున ఆరింటికి ఒకరు, ఎనిమిదింటికి ఒకరు, రాత్రి డ్యూటీ దిగి వచ్చి మరొకరు స్నానం చేసే ఇల్లయితే అయిదు స్టార్లకు పెట్టే డబ్బు దండగ కాదు. థర్మోస్టాట్ కూడా చూసుకోండి. 70 డిగ్రీలకు పెట్టి, అందులో సగానికి సగం చన్నీళ్లు కలుపుకోవడం మనకు అలవాటు. వేడి ఎక్కువైన కొద్దీ డబ్బాలోంచి బయటికి పారిపోయేదీ ఎక్కువే. పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో 50 దగ్గర ఉంటే చెయ్యీ కాలదు. ఇక షవర్ సంగతి... బకెట్‌తో పోసుకునేవాడికి 20 లీటర్లు సరిపోతే, షవర్ కింద పది నిమిషాలు నిలబడి పాటలు పాడేవాడికి అంతకు మూడునాలుగింతలు కావాలి. ఈ విషయంలో మన చెంబే గొప్ప పొదుపు యంత్రం.

ఓరుగల్లు ఇళ్లకు ఇంకో బెడదుంది. బోరునీళ్లు. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల మీద ఆధారపడిన నల్లానీళ్లు సరిపోక బోరు వేసుకున్న ఇళ్లలో గీజరు విప్పి చూస్తే, లోపలి కాయిల్‌కు సున్నపురాయి తొడుగు వేసినట్టుంటుంది. ఆ తొడుగు దాటి వేడి నీటికి అందడానికి సమయం పడుతుంది, కాయిల్ త్వరగా కాలిపోతుంది. ఏడాదికోసారి, దసరా వెళ్లగానే, మెకానిక్‌ను పిలిచి శుభ్రం చేయించుకుంటే చలికాలం నిశ్చింత.

గంగాళంలో ఎండ

మా చిన్నప్పుడు పెరట్లో రాగి బాయిలర్ ఉండేది. మధ్యలో గొట్టం, అడుగున నిప్పులు, పైన పొగ. గొట్టం నీళ్ల మధ్యలోంచి పోతుంది కాబట్టి పొగతోపాటు వృథాగా పోయే వేడిలో కొంతైనా నీటికి చేరేది. ఇంజినీరింగ్ చదవని కంచరివాళ్ల తెలివి. కానీ కట్టెలు తెచ్చిన భుజాన్నీ, పొగకు మండిన అమ్మ కళ్లనూ ఎవరూ లెక్కగట్టలేదు. ఆ రోజులు తిరిగి రావాలని నేనైతే కోరుకోను.

తిరిగి రావాల్సింది ఇంకొకటుంది. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోసి తగ్గాక, నాయనమ్మ గంగాళం నిండా నీళ్లు పోసి, వేపాకు వేసి, వాకిట్లో ఎండకు పెట్టేది. మధ్యాహ్నానికి నీళ్లు గోరువెచ్చగా అయ్యేవి. పసిపిల్లల స్నానానికీ అంతే. అదే గంగాళానికి మూత పెట్టి, చుట్టూ వేడి పోకుండా కప్పి, మేడ మీదికి ఎక్కిస్తే సోలార్ వాటర్ హీటర్! అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన క్లారెన్స్ కెంప్ ఇలాంటిదానికి 1891లోనే పేటెంటు తీసుకుని అమ్మాడు. మన తిరుమల కొండ మీద 2002లో ఎండతో ఆవిరి పుట్టించి వేలమందికి వంట చేసే ఏర్పాటు చేశారు.

ఇది పని చేసే తీరు కూడా సులువే. నల్లటి పూత ఉన్న గొట్టాల్లో నీళ్లు ఎండకు కాగుతాయి. కాగిన నీళ్లు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి, చన్నీళ్లు కిందికి దిగుతాయి. మోటారు లేదు, కరెంటు లేదు. రాత్రంతా ఆ ట్యాంకు వేడిని కాపాడితే పొద్దున్నే నల్లాలో వేణ్నీళ్లు. వరంగల్‌కు ఇందులో ఓ అదృష్టముంది. మనకు మబ్బులు పట్టేది జులై, ఆగస్టుల్లో. వేణ్నీళ్లు కావాల్సిన డిసెంబరు, జనవరిలో ఆకాశం చాలా రోజులు నిర్మలంగా ఉంటుంది. ఆ నెలల్లో సూర్యుడు దక్షిణాన కిందికి వాలి ఉంటాడు కాబట్టి, గొట్టాలు దక్షిణానికి తిరిగి, కాస్త నిటారుగా ఉండాలి. మన ఊరు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. చలికాలం కోసమే అయితే 28 డిగ్రీల చుట్టుపక్కల వాలు బాగుంటుంది.

మరి అందరూ సోలార్ పెట్టించుకోవాలా? దుకాణంవాళ్లు అవుననే అంటారు. నా లెక్క వేరు. వరంగల్‌లో మే నెలలో మేడ మీది నల్ల ట్యాంకు నీళ్లకే ఒళ్లు కాలుతుంది. వేణ్నీళ్లు నిజంగా కావాల్సింది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, నాలుగు నెలలు. నలుగురి ఇంట్లో రోజుకు రెండు యూనిట్ల చొప్పున 240 యూనిట్లు. యూనిట్ 7.70 వేసుకున్నా ఏడాదికి 1,850 రూపాయలు మిగులుతాయి. గాజు గొట్టాల రకం, 100 లీటర్లది, 20 వేల రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పదేళ్లు దాటుతుంది. అదే ఎనిమిదిమంది ఉన్న ఇల్లయితేనో, ఏడాది పొడవునా వేణ్నీళ్లు తప్పని వృద్ధులూ బాలింతలూ ఉంటేనో అయిదారేళ్లలో వచ్చేస్తుంది. ఇక 200 గీత దగ్గర ఊగిసలాడే ఇంటికి లెక్క మొత్తం మారిపోతుంది. అక్కడ మిగిలేది యూనిట్ల ధర కాదు, ఆ నెల బిల్లు మొత్తం.

కొనేవాళ్లు మేడెక్కి కొన్ని చూసుకోవాలి. సోలార్ ట్యాంకులోకి చన్నీళ్లు వాటంతటవే దిగాలంటే మీ మామూలు ట్యాంకు దానికన్నా ఎత్తులో ఉండాలి. చాలా ఇళ్లలో ఉండదు, దిమ్మె కట్టి ఎత్తు పెంచుకోవాలి. రెండోది పైపు. మేడ మీంచి కింది బాత్‌రూమ్‌కు ముప్పావు అంగుళం పైపు 20 మీటర్లుంటే, అందులో 6 లీటర్ల నీళ్లు నిలబడి ఉంటాయి. నల్లా తిప్పగానే వచ్చేవి ఆ చల్లటివే. వాటిని ఓ బకెట్‌లో పట్టుకుంటే బట్టలకు పనికొస్తాయి. వేణ్నీళ్ల పైపుకు పైతొడుగు వేయించడం మరవకండి.

మూడోది... కోతులు! నవ్వకండి. ఓరుగల్లులో మేడ మీద ఏదైనా పెట్టేవాళ్లు ముందు ఆలోచించాల్సింది వాటి గురించే. గాజు గొట్టం ఒక్కటి పగిలినా ట్యాంకులో వేణ్నీళ్లన్నీ కారిపోతాయి. పైన ఇనుప జాలీ ఉండాల్సిందే. రాగిగొట్టాలపై దళసరి గాజుపలక ఉండే పలక రకం గట్టిదే కానీ, ధర ఎక్కువ. పైగా సన్నటి గొట్టాలు కాబట్టి బోరునీళ్ల సున్నం వాటిని త్వరగా మూసేస్తుంది. బోరున్న ఇంటికి గాజు గొట్టాలూ జాలీ, నల్లానీళ్లున్న ఇంటికి పలక రకం... నన్నడిగితే ఇదీ పద్ధతి. ఎండాకాలంలో వాడని రోజుల్లో పైన పచ్చటి నెట్ కప్పండి. లేకపోతే నీళ్లు సలసలా మరిగి సున్నం మరింత పేరుకుంటుంది.

హాస్టళ్లకు, హోటళ్లకు హీట్‌పంప్ అని మరొకటుంది. ఏసీకి తిరగేసిన బంధువు. గాల్లోని వేడిని లాగి నీటికిస్తుంది. ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి దాకా ఇస్తుంది. ధర మాత్రం మామూలు ఇంటికి అందేది కాదు. మేడ మీద సోలార్ కరెంటు పలకలే పెట్టించుకునే ఆలోచన ఉంటే, 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ప్రకటించారు. ఆ పలకలుంటే గీజరు ఖర్చూ అందులోనే కలిసిపోతుంది. వేరే హీటర్ అక్కర్లేదు.

బాత్‌రూమ్‌లో రెండు భయాలు

పొదుపు పేరుతో కొందరు గ్యాస్ గీజరు వైపు చూస్తున్నారు. స్టవ్ మీద కాచినా బకెట్‌కు 60 గ్రాముల గ్యాసే. 14.2 కిలోల సిలిండరు 230 బకెట్లకు పైగా వస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ కిటికీ మూసిన చిన్న బాత్‌రూమ్ లోపల గ్యాస్ గీజరు మండితే ఆక్సిజన్ తగ్గి, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కళ్లు తిరుగుతున్నాయని తెలిసేలోపే మనిషి కూలిపోతాడు. దాన్ని బాత్‌రూమ్ బయట, గాలి ఆడేచోటే బిగించాలి. అలాంటి చోటు లేకపోతే వద్దే వద్దు.

రెండోది హీటర్ రాడ్. వెయ్యి వాట్ల రాడ్ అరగంటలో బకెట్ కాచేస్తుంది. ఖరీదూ తక్కువే. అద్దె గదుల్లో చదువుకునే పిల్లలకు అదే దిక్కు. కానీ స్విచ్ ఆపి, ప్లగ్ పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి. 'కాగినయా లేదా' అని వేలు ముంచి చూడటం ప్రాణం మీదికి తెస్తుంది. ఐఎస్ఐ గుర్తు, మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ ఉన్న సాకెట్, చిన్నపిల్లలు రాని మూల... ఇవి లేకుండా రాడ్ వాడొద్దు.

ఈ ఆదివారం ఓ పని చేయండి. అందరి స్నానాలకూ ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి మీటరు దగ్గరికెళ్లి అంకె రాసుకోండి. ఆ కాసేపూ మోటారూ మిక్సీ వేయకండి. మీ ఇంటి స్నానాల ఖర్చు యూనిట్లలో తెలిసిపోతుంది.

మా ఇంట్లో అలా చూస్తే 2.4 వచ్చింది. నాన్నకు పొద్దున ఎక్కడికీ వెళ్లే పని లేదు కదా, మధ్యాహ్నం రెండింటికి స్నానం చేయమన్నాం. జనవరిలోనూ ఆ వేళకు మేడ మీది ట్యాంకు నీళ్లు వెచ్చబడతాయి. మొదట్లో గొణిగాడు. ఇప్పుడు భోజనం చేసి కాసేపు ఎండలో కూర్చుని, తువ్వాలు భుజాన వేసుకుని తనే వెళుతున్నాడు. గీజరు స్విచ్ జోలికి పోవడం లేదు.