యజమానుల పక్షమున చట్టము చదువువారు

కార్మిక సంఘములకు నాయకులుందురని అందరికిని తెలియును. యజమానుల సంఘములకును కార్మిక చట్టములు చదివి సలహా చెప్పు ఉద్యోగులుందురని తెలిసినవారు తక్కువ. వీరు న్యాయస్థానమున వాదించువారు కారు. చట్టమింకను ముసాయిదాగా నున్నప్పుడే వీరి పని మొదలగును.

1942లో ప్రభుత్వము, యజమానులు, కార్మికులు ఒక్కచోట కూర్చుండు త్రైపాక్షిక సమావేశములు ఆరంభమైనవి. నాటినుండి యజమానులకు కోపముతో గాక లెక్కలతో మాటాడువారు అవసరమైరి. మన వి. వి. గిరిగారు 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయిన పిమ్మట, తీర్పులకంటె పరస్పర సంప్రతింపే మేలని పట్టుపట్టిరి. సంప్రతింపునకు కూర్చుండువానికి చట్టము క్షుణ్ణముగా తెలియవలెను గదా!

ఒక్క అంకె కథ చెప్పెదము. పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1976లో ఒక అధ్యాయము చేరినది. 300 మంది గాని అంతకు మించి గాని పనివారున్న కర్మాగారము వారిని తొలగింపవలెనన్నను, తలుపులు మూయవలెనన్నను ప్రభుత్వానుమతి ముందుగా పొందవలెనని అందలి నియమము. మూసివేత భాగమును 1978లో ఎక్సెల్ వేర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు కొట్టివేసినది. 1982 సవరణ దానిని తిరిగి వ్రాసి, అంకెను 100కు దించినది. 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతి మరల 300 చేసినది. అది 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది.

150 మంది పనిచేయు నూలుమిల్లును తలచుకొనుడు. పాత చట్టము క్రింద అనుమతి లేనిదే మూతపడరాని ఆ మిల్లు, ఇప్పుడు నోటీసు ఇచ్చి, పరిహారము చెల్లించి మూతపడవచ్చును. ఆ అంకెకు భయపడి 99 మందితోనే ఆగిపోవు కర్మాగారములు కలవని యజమానుల వాదము. అది కేవలము సాకు కాదని మా అభిప్రాయము. అయినను ఆ 150 కుటుంబములకు పోయిన రక్షణ చిన్నది కాదు. ఈ రెండవ మాటను కూడ తన పత్రమున వ్రాయు సలహాదారునే ప్రభుత్వము శ్రద్ధగా వినును.

సంఘమున సభ్యులందరును ఒక్కమాటపై నుందురా? 40 మంది పనివారుగల యజమానియు, 4,000 మందిగల యజమానియు సభ్యులే. ఒకరికి సులభమైన రిజిస్టరు మరియొకరికి గుదిబండ.

జీతపు నిర్వచనమే చూడుడు. నెలకు 30,000 రూపాయలలో మూలవేతనము 10,000, ఇంటి అద్దె మొదలగు భత్యములు 20,000 అనుకొందము. మొత్తములో సగమును మించిన భత్యము జీతముగానే లెక్కకు వచ్చునని క్రొత్త స్మృతులు చెప్పుచున్నవి. కావున జీతము 15,000 అగును. సంవత్సరమునకు పదునైదు దినముల చొప్పున, 26తో భాగించి కట్టు గ్రాట్యుటీ 5,769 నుండి 8,654 రూపాయలకు పెరుగును. ఈ లెక్కను సభ్యులకు దాచక తెలుపుట సలహాదారుని విధి. అది చదివి, “నీవు మా మనిషివా, కార్మికుల మనిషివా?” అని అడుగు యజమానులును ఉందురు.