మన ఇంటి వాన, మన ఇంటి ఎండ

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



వడియాలు పెట్టబోయే ముందు మనం ఏం చేస్తాం? ఒకసారి ఆకాశం కేసి చూస్తాం. మిరపకాయలు మేడమీద ఆరబోసినా, ఆవకాయకు కాయలు తుడిచి ఆరబెట్టినా అంతే. ఇంట్లో ఎండావానల సంగతి కనిపెట్టి చూసేది మొదటినుంచీ ఆడవాళ్లమే. అలా కంటితో చూసేదాన్ని కొలిచి కూడా చూస్తే ఎంత లాభమో ఈవేళ చెప్పుకుందాం.

ఈ ఆలోచన నాకు మా వదిన వల్ల కలిగింది. మా పుట్టిల్లు అనంతపురం జిల్లాలో ఒక పల్లెటూరు. వేరుశనగ పండించే మెట్ట భూమి. ఒక ఏడు మండల కేంద్రంలో మంచి వాన పడిందని కబురు తెలిసింది. మా ఊళ్లోనూ రాత్రి చినుకులు పడ్డాయి. తెల్లవారి చూస్తే పైమన్ను తడిగా కనబడింది. పదునయింది కదా అని మా అన్నయ్య విత్తనం వేయించాడు. తీరా చూస్తే అడుగున మన్ను పొడిగానే ఉంది. మొలకలు సగమే వచ్చాయి, వచ్చినవి కూడా వాడిపోయాయి. విత్తనం పోయింది, కూలి డబ్బులూ పోయాయి. వదిన తన మెడలో గొలుసు తాకట్టు పెట్టి మళ్లీ విత్తనం కొనవలసి వచ్చింది.

మండల కేంద్రం మా ఊరికి పన్నెండు కిలోమీటర్లు. అక్కడ పడిన వాన అక్కడిదే. మరుసటి ఏడు వదిన చేసిన మొదటి పని పెరట్లో వర్షమాపకం పెట్టించడం. ఇప్పుడు ఆవిడ అంకె చూసి, చేలో జానెడు లోతు తవ్వించి, ఊఁ అంటే గాని మా అన్నయ్య గొర్రు కట్టడు.

వాన కొలవడం మనకు కొత్త కాదు. కోష్ఠాగారం ముందు మూరెడు వెడల్పు పాత్ర పెట్టి వాన కొలవాలని కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ఉంది. మన కాలంలో ఈ విద్యకు సేవ చేసిన స్త్రీమూర్తి కూడా ఉన్నారు. కేరళలో 1918లో పుట్టిన అన్నా మణి గారు లండన్‌లో వాతావరణ పరికరాల విషయం చదువుకుని, 1948లో మన వాతావరణ శాఖలో చేరారు. దాదాపు నూరు రకాల పరికరాలకు ప్రామాణికమైన నమూనాలు తయారు చేయించి, అవి మన దేశంలోనే తయారయ్యేటట్లు చూశారు.

ఇక ఏం కొనాలి? మీ అవసరమేమిటో ముందు చూసుకోండి. సేద్యం ఉంటే వర్షమాపకం, ఇంట్లో ముసలివాళ్లు, పసిపిల్లలు ఉంటే వేడినీ తేమనూ చూపే చిన్న మీటరు. ఈ రెండింటితో చాలా ఇళ్లకు సరిపోతుంది. అన్నీ కలిపిన వాతావరణ కేంద్రాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. వేడి, తేమ, వాన, గాలి వేగం, గాలి వచ్చే దిక్కు, గాలి పీడనం, ఇవన్నీ బయట ఒకటి, ఇంట్లో ఒకటి ఉండే రెండు పెట్టెల్లో వస్తాయి. వైరు లేకుండానే బయటి అంకెలు లోపల కనిపిస్తాయి.

అలాంటిది కొనేటప్పుడు దుకాణదారును నాలుగు సంగతులు అడగండి. వాన మిల్లీమీటర్లలో చూపిస్తుందా? గరాటు ఊడదీసి కడగడానికి వీలుంటుందా? ఒక భాగం పాడైతే అదొక్కటే దొరుకుతుందా? గాలి మీటరును విడిగా ఎత్తున బిగించవచ్చా? ఇంకొక మాట. నూరు మీటర్ల దూరం పనిచేస్తుందని పెట్టెమీద రాసి ఉంటే అది ఖాళీ మైదానంలో మాట. మధ్యలో రెండు కాంక్రీటు గోడలుంటే అంత దూరం అందదు.

కొన్నదానికంటే పెట్టిన చోటు ముఖ్యం. నేను మొదట థర్మామీటరును పిట్టగోడకు తగిలించాను. మధ్యాహ్నం 51 డిగ్రీలు చూపించింది! ఇరుగుపొరుగు వచ్చి చూసి గుండెలు బాదుకున్నారు. అది గాలి వేడి కాదు, ఎండలో కాలిన గోడ వేడి. థర్మామీటరు ఎప్పుడూ నీడలో, గాలి ఆడేచోట, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున ఉండాలి. తెల్లటి పలకల గూటిలో పెడితే మరీ మంచిది. వర్షమాపకానికి మాత్రం పైన ఏదీ అడ్డం ఉండకూడదు. పక్కన పది అడుగుల గోడ ఉంటే దానికి ఇరవై అడుగుల దూరంలో పెట్టండి. మేడ అంచున పెడితే గాలికి చినుకులు పక్కకు పోయి లెక్క తగ్గుతుంది.

మీటరు నిజం చెబుతోందా లేదా అన్నది వంటింట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒక సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దగా తడిసేటట్లు కాసిని నీళ్లు చిలకరించండి. ఉప్పు కరిగిపోకూడదు సుమా. దాన్నీ, తేమ మీటరునూ గాలి చొరని డబ్బాలో ఒక రాత్రంతా ఉంచండి. పొద్దున 75 శాతం చూపించాలి. 70 చూపిస్తే అయిదు కలుపుకుని చదువుకోండి. వర్షమాపకం గరాటు 10 సెంటీమీటర్ల వెడల్పుంటే 157 మిల్లీలీటర్ల నీళ్లు సన్నటి ధారగా పోయండి. 20 మిల్లీమీటర్లు రావాలి. తక్కువ వస్తే లోపల సాలెగూడో ఎండుటాకో ఉందేమో చూడండి.

వాన రోజూ ఉదయం 8.30కి చూడండి. వాతావరణ శాఖవారూ అదే వేళకు చూస్తారు గనుక పోల్చుకోవచ్చు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. నూరు చదరపు మీటర్ల మేడమీద 20 మిల్లీమీటర్లు పడితే రెండు వేల లీటర్లన్నమాట! ఆ నీళ్లు ఇంకుడుగుంటకు పోతున్నాయో, వీధి కాలవలోకి పోతున్నాయో చూసుకోండి.

వేడి సంగతి మా ఇంట్లోనే తెలిసింది. మా అత్తగారు మేడమీది గదిలో పడుకునేవారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంటే వయసు మహిమ అనుకున్నాం. ఆ గదిలో మీటరు పెట్టి చూద్దును గదా, రాత్రి పదింటికి 37 డిగ్రీలు! బయట 32 ఉంది. పగలంతా కాలిన శ్లాబు రాత్రి వేడి కక్కుతోంది. మర్నాడే ఆవిడ మంచం కిందికి దింపాం. పాపం, ఆవిడ ఎన్నాళ్లు ఓర్చుకున్నారో! తేమ కూడా చూడాలి. కోస్తాలో 36 డిగ్రీలకే ప్రాణం సొమ్మసిల్లుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అలాంటి రోజు ఎవరికైనా మాట తడబడినా, మగతగా ఉన్నా, ఒళ్లు తడిపి చల్లబరుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

గాలి పీడనం దగ్గర చాలామంది కంగారు పడతారు. సముద్రమట్టం దగ్గర సగటున 1013 మిల్లీబార్లు. హైదరాబాదు ఎత్తున ఉంది గనుక సరిచేయని మీటరు 950 ప్రాంతంలో చూపిస్తుంది. అదేం తుపాను కాదు. పీడనం రోజూ ఉదయం పదింటికి పెరిగి సాయంత్రం నాలుగింటికి తగ్గుతుంది. అంచేత ఈవేళ నాలుగింటి అంకెను నిన్న నాలుగింటి అంకెతోనే పోల్చాలి.

ఒక్క హెచ్చరిక చేసి ముగిస్తాను. మన మీటరు మన పెరటి సంగతి చెబుతుంది గాని, సముద్రంలో ఏం జరుగుతోందో చెప్పలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాది మంది ప్రాణాలు పోయాయి. తుపాను హెచ్చరిక వస్తే, మీటరు ఏమన్నా సరే, అధికారుల మాట విని కదలండి. ఉరుములు వినబడుతుంటే అంకెలు చూడటానికి మేడ ఎక్కకండి.

ఒక నోటుపుస్తకం కొనండి. తేదీ, వాన, పగటి వేడి, రాత్రి వేడి, అంతే. రోజుకు రెండు నిమిషాల పని. పిల్లల చేత రాయిస్తే వాళ్లకూ అలవాటవుతుంది. మా వదిన పుస్తకంలో ఇప్పటికి తొమ్మిదేళ్ల వానలున్నాయి. తాకట్టు విడిపించిన గొలుసు బీరువాలో ఉంది. ఆ పుస్తకం కూడా దాని పక్కనే ఉంటుంది.

సెలవు.